బేస్ గిటార్‌కు ఫ్లాట్‌వౌండ్ తీగలు: ఎంపిక, బిగింపు

బేస్ గిటార్ తీగ మీద పొడవునా గోటితో ఒకసారి గీసి చూడండి. గోరు దువ్వెన పళ్ల మీద నడిచినట్టు గరగరలాడితే అది రౌండ్‌వౌండ్ తీగ, గాజు మీద జారినట్టు జారిపోతే ఫ్లాట్‌వౌండ్ తీగ. రెండింటికీ నడుమ ఉక్కు తీగే ఉంటుంది. తేడా అంతా దాని చుట్టూ వేసే చుట్టులో ఉంది. గుండ్రని లోహపు తీగను పైచుట్టుగా వేస్తే రౌండ్‌వౌండ్ అవుతుంది. లోపల గుండ్రని తీగతోనే చుట్టి, అన్నిటికన్నా పైన మాత్రం రిబ్బను లాంటి చదునైన లోహపు పట్టీని అంచుకు అంచు ఆనేలా వేస్తే ఫ్లాట్‌వౌండ్ అవుతుంది. వీణ మీద మంద్ర, అనుమంద్ర తీగలు వాయించినవారికి ఆ గరగర కొత్త కాదు. చుట్టు వేసిన తీగ మీద వేలు జార్చినప్పుడు వినిపించే గీర అదే.

ఆ చదును పట్టీ గీరను పోగొట్టడంతో ఆగదు, ధ్వనిని కూడా మారుస్తుంది. చుట్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండడం వల్ల తీగ వంగడానికి కొంత బిరుసుగా ఉంటుంది, కంపించేటప్పుడు పైస్థాయి అతిస్వరాలు (మూలస్వరంతో పాటే మోగే సన్నని స్వరాలు) త్వరగా అణిగిపోతాయి. కాబట్టి మీటిన తొలి క్షణంలో మెత్తని దెబ్బ, ఆ వెంటనే మూలస్వరం గుండ్రంగా వినిపిస్తాయి. రౌండ్‌వౌండ్ తీగలో ఉండే పియానో లాంటి మెరుపు ఉండదు. 1951లో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు దానికి బిగించినవి ఫ్లాట్‌వౌండ్ తీగలే, ఎందుకంటే రౌండ్‌వౌండ్ బేస్ తీగలు వాడుకలోకి వచ్చింది 1960లలో. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్ మీద లా బెల్లా కంపెనీ చేసిన లావుపాటి ఫ్లాట్‌వౌండ్లు వాడేవాడు, వాటిని తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. అయితే వీటిని పాతకాలపు మెత్తని సంగీతానికే పరిమితమైన తీగలుగా భావించడం సరికాదు. ఐరన్ మెయిడెన్ బృందంలో హెవీ మెటల్ వాయించే స్టీవ్ హారిస్ కూడా రోటోసౌండ్ ఫ్లాట్‌వౌండ్లే వాడతాడు, ఆ గణగణ వింటే అవి ఫ్లాట్‌వౌండ్లంటే చాలామంది నమ్మరు.

మీరు ఎక్కువగా బొటనవేలితో కొట్టి స్లాప్ వాయించేవారైతే వీటి జోలికి పోకపోవడమే మంచిది. ఆ పద్ధతికి కావలసిన కంచు మోత వీటిలో దొరకదు. ఫ్రెట్లు (వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు మీది లోహపు అడ్డకమ్ములు) లేని బేస్ ఉన్నవారికి మాత్రం ఇవి రెండు విధాల మేలు చేస్తాయి, ఎందుకంటే వేలి జారుడు నిశ్శబ్దంగా ఉండటమే కాక ఫింగర్‌బోర్డు చెక్క కూడా అరగదు. చర్చి బృందాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ కీబోర్డు ఎడమచేతి స్వరాలు, డోలక్, ప్యాడ్స్ అన్నీ ఒకేసారి మోగుతున్న చోట ఫ్లాట్‌వౌండ్ బేస్ ఎవరి దారికీ అడ్డం రాకుండా అడుగున నిలబడుతుందని నా అనుభవం.

పొడవు, ఆ తరువాత బిగువు

తీగల సెట్టు కొనేటప్పుడు అందరూ కంపెనీ పేరుతో మొదలుపెడతారు. నిజానికి మొదట చూడవలసింది పొడవు. సాధారణమైన నాలుగు తీగల బేస్ స్కేలు, అంటే నెక్ (మెడ) కొసన తీగలు ఆనే గాడుల పట్టీ అయిన నట్ నుంచి బాడీ మీద తీగలను ఆపే బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు, 34 అంగుళాలు, దానినే లాంగ్ స్కేల్ అంటారు. హాఫ్నర్ తరహా చిన్న బేస్‌లు 30 అంగుళాలకు దగ్గరగా ఉంటాయి, వాటిది షార్ట్ స్కేల్. ఫ్లాట్‌వౌండ్ తీగలకు శ్రుతి చేసే కీ వైపు కొసన రంగు సిల్కు దారం చుట్టి ఉంటుంది. బిగించిన తరువాత ఆ దారం నట్ దాటి కీల వైపు ఉండాలి, నట్ గాడిలోకి కానీ దాని లోపలికి కానీ రాకూడదు. కాబట్టి తీగ బంతికొస (చిన్న లోహపు గుండు ఉన్న కొస) బ్రిడ్జ్‌లో ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచి నట్ వరకు టేపుతో కొలిచి, సెట్టులో లోహపు చుట్టు ఉన్న భాగం అంతకన్నా కాస్త ఎక్కువ ఉందో లేదో తయారీదారు ఇచ్చిన వివరాల్లో సరిచూసుకోవాలి. బాడీ వెనుక నుంచి తీగ ఎక్కించే బేస్ అయితే చెక్క మందాన్ని కూడా కలుపుకోవాలి. నేను మొదటిసారి కొన్న సెట్టు పాకెట్టు మీద స్కేలు చదవకుండా షార్ట్ స్కేల్ తెచ్చుకున్నాను. ఎర్ర దారం మొదటి ఫ్రెట్ దాకా లోపలికి వచ్చింది, అప్పటికే కొసలు కత్తిరించేసినందువల్ల తిరిగి ఇవ్వడానికి కూడా వీలు లేకపోయింది. మరీ పొడవైన సెట్టు కూడా మంచిది కాదు, ఎందుకంటే అప్పుడు అన్నిటికన్నా లావైన ఇ తీగలో చదును పట్టీ ఉన్న లావుపాటి భాగమే కీ పోస్ట్ చుట్టూ తిరగవలసి వస్తుంది, ఆ ఇరుకైన మలుపులో పట్టీ విచ్చుకోవచ్చు.

పొడవు తేలాక బిగువు సంగతి చూడాలి. పాకెట్టు మీద 45–105 అని ఉంటే సన్నని జి తీగ మందం 0.045 అంగుళమని, లావుపాటి ఇ తీగ మందం 0.105 అంగుళమని అర్థం. ఒకే అంకెలు ఉన్న రెండు కంపెనీల తీగలు చేతికి ఒకేలా ఉంటాయనుకోవడం ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు. ఒకే స్కేలు మీద ఒకే స్వరానికి శ్రుతి చేసినప్పుడు తీగ బిగువును నిర్ణయించేది అంగుళం పొడవున దానికి ఉన్న బరువే తప్ప పైకి కనిపించే మందం కాదు, ఆ బరువేమో లోపలి ఉక్కు, చుట్టుపొరలు, పట్టీ లోహం అన్నిటి మీదా ఆధారపడుతుంది. మందం తేలిగ్గా కనిపించినా ఫ్లాట్‌వౌండ్లు చాలావరకు రౌండ్‌వౌండ్ల కన్నా చేతికి గట్టిగా తగులుతాయి. మంచి కంపెనీలు ఒక్కో తీగ బిగువును పౌండ్లలో గానీ కిలోల్లో గానీ ప్రకటిస్తాయి. ఇప్పుడు మీ బేస్ మీద ఉన్న సెట్టు అంకెలను కొత్త సెట్టు అంకెల పక్కన పెట్టి చూస్తే, నెక్ మీద ఎంత భారం పెరుగుతుందో లేక తగ్గుతుందో ముందే తెలుస్తుంది.

బిగువు తీగ పొడవు వర్గానికీ, కంపన సంఖ్య వర్గానికీ అనులోమానుపాతంలో మారుతుంది. కాబట్టి ఒకే తీగను అదే స్వరానికి 34 అంగుళాల బేస్ మీద కాక 30 అంగుళాల బేస్ మీద ఎక్కిస్తే బిగువు దాదాపు 22 శాతం తగ్గుతుంది. అలాగే తీగలన్నిటినీ అర్ధస్వరం దించి శ్రుతి చేస్తే దాదాపు 11 శాతం తగ్గుతుంది. కొన్న సెట్టు చేతికి మరీ బిరుసుగా ఉందనిపిస్తే పారేయకుండా కొన్నాళ్లు అర్ధస్వరం దించి వాయించి చూడవచ్చు.

కంపెనీల మధ్య స్వభావ భేదం స్పష్టంగానే ఉంటుంది. డాడారియో క్రోమ్స్ 45–100 సెట్టు ఫ్లాట్‌వౌండ్లలో కాస్త మెరుపు ఉన్న రకం. రౌండ్‌వౌండ్ నుంచి మొదటిసారి మారేవారికి నేను దీనినే సూచిస్తాను, ఎందుకంటే మార్పు ఒక్కసారిగా మీద పడదు. లా బెల్లా డీప్ టాకిన్ బేస్ సెట్లు అంతకన్నా ముదురు ధ్వని ఇస్తాయి. వాటిలో 43–104, 45–105 సెట్లు రోజువారీ వాడకానికి సరిపోతాయి. జేమర్సన్ పేరుతో ముడిపడిన 52–110 సెట్టు మాత్రం వేళ్లకూ నెక్‌కూ బరువైనది, నెక్ గట్టిదనం మీద నమ్మకం లేనివారు అభిమానం కొద్దీ దాన్ని కొనకూడదు. వియన్నాకు చెందిన థొమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్ 43–100 సెట్టు దీనికి పూర్తిగా ఎదురు కొస: తీగ మెత్తగా ఊగుతుంది, స్వరం చాలాసేపు నిలుస్తుంది, కానీ గట్టిగా మీటే అలవాటున్న చేతికి అది వదులుగా ఉన్నట్టు తోచి ఫ్రెట్ల మీద కొట్టుకుంటుంది. నైలాన్ పట్టీ చుట్టిన నల్లని టేప్‌వౌండ్లు, రౌండ్‌వౌండ్ పైభాగాన్ని సానపట్టి చదును చేసిన హాఫ్‌రౌండ్లు వేరే జాతులు. అంగట్లో వాటినీ ఫ్లాట్ల వరుసలోనే వేలాడదీస్తారు కాబట్టి పాకెట్టు చదివి తీసుకోవాలి.

ఖరీదు రౌండ్‌వౌండ్ల కన్నా ఎక్కువే. అయితే వీటి పైచుట్టులో చెమట, మురికి దాగే సందులు తక్కువ కాబట్టి ధ్వని త్వరగా చచ్చిపోదు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవారు స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ ఉన్న సెట్టు తీసుకోవడం మేలు.

పాత తీగలు విప్పే ముందు

ట్యూనర్, కటింగ్ ప్లయర్, మెత్తని గుడ్డ, మీ ట్రస్ రాడ్‌కు (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ఉక్కు కడ్డీ) సరిపోయే అలెన్ కీ, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలకు సరిపోయే పనిముట్లు, మిల్లీమీటర్ల స్కేలు, వీలైతే మోటారు మెకానిక్కులు సన్నని సందులు కొలవడానికి వాడే ఫీలర్ గేజ్ దగ్గర పెట్టుకోండి. పాత తీగలు శ్రుతిలో ఉండగానే 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ, జి తీగ ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. బేస్ చేతికి హాయిగా ఉన్నప్పటి కొలతలు అవే. తరువాత ఎటు పోయినా మళ్లీ అక్కడికి రావడానికి అవే ఆధారం.

తీగలన్నీ ఒకేసారి విప్పితే నెక్ పాడవుతుందని ఒక భయం ప్రచారంలో ఉంది. స్క్రూలతో బిగించిన బ్రిడ్జ్ ఉన్న బేస్‌కు ఒక గంట సేపు తీగలు లేకపోతే ఏమీ కాదు, పైగా ఫింగర్‌బోర్డు తుడుచుకోవడానికి అదే అవకాశం. హాఫ్నర్ తరహా బేస్‌ల సంగతి వేరు. వాటి బ్రిడ్జ్ కేవలం తీగల ఒత్తిడితో బాడీ మీద నిలబడి ఉంటుంది కాబట్టి అన్నీ విప్పితే అది జారిపోతుంది. వాటికి ఒక్కో తీగనే విప్పి, దాని స్థానంలో కొత్తది బిగించి, ఆ తరువాతే మరో తీగకు వెళ్లాలి. ఏ బేస్ అయినా పాత తీగను ముందు పూర్తిగా వదులు చేసి తీయాలి గానీ బిగువులో ఉండగా కత్తిరించకూడదు, కొస ఎగిరి కంటికి తగలవచ్చు.

బిగించడం

ఇ తీగతో మొదలుపెట్టండి. పాకెట్టు చుట్ట విప్పేటప్పుడు తీగ తనంతట తాను తెరుచుకోనివ్వాలి; ఫ్లాట్‌వౌండ్‌ను లాగి మెలిపెడితే పట్టీ విచ్చుకుంటుంది, అలా విచ్చిన చోటును మళ్లీ సరిచేయలేము. బ్రిడ్జ్ రంధ్రంలోంచి ఎక్కించి, బంతికొస పూర్తిగా ఆనిందో లేదో వేలితో లాగి చూసి, శాడిల్ మీదుగా, నట్ మీదుగా తీగను కీల దాకా తీసుకువెళ్లాలి. ఈ దారి పొడవునా తీగలో మెలిక చేరకుండా చూసుకోవాలి. మెలిక ఉన్న తీగ శ్రుతికి వచ్చాక కూడా స్వరం అలలు అలలుగా వణుకుతుంది, దాని కారణం కోసం శాడిల్‌నీ, తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌నీ వెతుక్కుంటూ ఒక సాయంత్రమంతా వృథా అవుతుంది.

తరువాతది ఈ పని మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన అడుగు. కీ పోస్ట్ దాటి 10 నుంచి 12 సెంటీమీటర్లు వదిలి, అక్కడ తీగను ప్లయర్‌తో లంబకోణంలో గట్టిగా వంచాలి. వంపు పూర్తయ్యాకే, వంపుకు అవతల ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంచి, కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే పట్టీ చుట్లను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. కొస దగ్గర మొదలైన వదులు తీగ పొడవునా పాకి ధ్వనిని చంపేస్తుంది. కత్తిరించే చోటు సిల్కు దారం ఉన్న భాగంలోనే పడాలి. అది లోహపు చుట్టు మీద పడుతోందంటే సెట్టు పొడవు మీ బేస్‌కు సరిపోలేదని అర్థం, అప్పుడు కత్తెర పక్కన పెట్టి సెట్టు మార్చుకోవడమే దారి.

ఫెండర్ తరహా కీ పోస్ట్‌కు నడుమ గాడి, గాడి మధ్యలో కిందికి ఒక రంధ్రం ఉంటాయి. కత్తిరించిన కొసను ఆ రంధ్రంలో అడుగు దాకా దింపి, గాడి అంచు దగ్గర తీగను పక్కకు వంచి, ఎడమ చేతితో తీగను నట్‌లోకి నొక్కి పట్టుకొని కుడి చేతితో కీ తిప్పాలి. చుట్లు ఒకదాని కింద ఒకటిగా పోస్ట్ అడుగుకు దిగాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇ తీగకు రెండు చుట్లు చాలు, సన్నని తీగలకు మూడు ఉంటే మంచిది. చుట్లు కిందికి దిగేకొద్దీ తీగ నట్ మీద గట్టిగా కూర్చుంటుంది. చుట్లు పైనే ఆగిపోతే ముఖ్యంగా ఎ తీగ నట్‌లో వదులుగా ఉండి జుయ్యిమంటుంది.

నాలుగు తీగలూ ఎక్కాక ఒక్కసారే పూర్తి శ్రుతికి లాగకుండా అన్నిటినీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇ 41.2, ఎ 55, డి 73.4, జి 98 హెర్ట్జ్‌కు వచ్చాక, తీగను నట్ ముందూ శాడిల్ ముందూ బొటనవేలితో మెల్లగా కిందికి నొక్కాలి. బిరుసైన తీగ ఆ రెండు చోట్లా విల్లులా వంగి ఉండిపోతే కంపనం ఎక్కడ మొదలవుతుందో స్పష్టం కాదు, స్వరస్థానాలూ కుదరవు. రౌండ్‌వౌండ్లను పైకి లాగి సాగదీసినట్టు వీటిని లాగకూడదు. రాత్రంతా శ్రుతిలో వదిలేసి పొద్దున మళ్లీ శ్రుతి చేస్తే చాలు.

నెక్, ఎత్తు, స్వరస్థానాలు

తీగలు బిగించడంతో పని పూర్తయిందని అనుకునేవారే మర్నాడు ఫ్లాట్‌వౌండ్లు బాగాలేవని ఫిర్యాదు చేస్తారు. నెక్ కొత్త బిగువుకు అలవాటు పడాలి, ఆ మార్పును కొలిచి సరిచేయాలి. ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోటి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి, 8వ ఫ్రెట్ పైన తీగకు కింద ఉన్న సందును కొలవాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) పెడితే ఒక చేయి ఖాళీ అవుతుంది. ఫింగర్‌బోర్డు వంపు 9.5 నుంచి 12 అంగుళాల వ్యాసార్థం ఉన్న బేస్‌కు ఫెండర్ సూచించే సందు 0.012 అంగుళం, అంటే దాదాపు 0.3 మిల్లీమీటరు. కొత్త సెట్టు బిగువు ఎక్కువైతే నెక్ ముందుకు వంగి ఈ సందు పెరుగుతుంది, అప్పుడు ట్రస్ రాడ్‌ను బిగించాలి. థొమాస్టిక్ లాంటి తక్కువ బిగువు సెట్టు వేస్తే నెక్ వెనక్కి పోయి మొదటి ఫ్రెట్ల దగ్గర తీగ కొట్టుకుంటుంది, అప్పుడు వదులు చేయాలి. ఏదైనా ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, కొంతసేపు ఆగి, మళ్లీ కొలవాలి; అలెన్ కీ మొరాయిస్తే బలం ఉపయోగించకుండా గిటార్లు బాగుచేసేవారికి చూపించండి.

నెక్ కుదిరాక మాత్రమే శాడిల్ ఎత్తు ముట్టుకోవాలి. అదే తరహా బేస్‌కు 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, జి తీగ కింద 2 మిల్లీమీటర్లు మంచి ఆరంభం. బిగువైన ఫ్లాట్‌వౌండ్ తక్కువ వెడల్పులో ఊగుతుంది కాబట్టి దీనికన్నా కొంచెం కిందికి దించినా ఫ్రెట్ల మీద కొట్టుకున్న మోత రాదు, చాలామందికి ఈ తీగలు అలవాటు కావడానికి అసలు కారణం ఈ సుఖమే. ఆ తరువాత 12వ ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటిన స్వరాన్నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువగా చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, తక్కువగా చూపిస్తే నట్ వైపుకు జరపాలి. ఇ తీగ కొత్తది పాతదాని కన్నా లావైతే నట్ గాడిలో పూర్తిగా కూర్చోకుండా పైన నిలబడవచ్చు. శ్రుతి చేస్తున్నప్పుడు టిక్కుమని చప్పుడు వస్తే గాడి ఇరుకైందని గుర్తు. గాడిని వెడల్పు చేయడం నట్ ఆకురాళ్లు ఉన్నవారి పని. ఇంట్లో ఉన్న మామూలు ఆకురాయితో గీస్తే గాడి లోతై, నొక్కకుండా మీటిన తీగ ఫ్రెట్ల మీద కొట్టుకుని జుయ్యిమనడం మొదలవుతుంది.

పికప్‌ల ఎత్తు కూడా ఒకసారి విని చూసుకోవాలి. కొత్త సెట్టులో జి తీగ సన్నగా, ఇ తీగ మరీ ఉబ్బుగా వినిపిస్తే, పికప్‌ను జి వైపు కొద్దిగా పైకి, ఇ వైపు కొద్దిగా కిందికి మార్చితే సమం అవుతుంది.

మొదటి కొన్ని వారాలు తీగల్లో ఒక పలుచని లోహపు పదును ఉంటుంది, వేళ్లకు కాస్త జిగటగా కూడా తగులుతాయి. ఈ దశలో ఆంప్ మీద ట్రెబుల్ తగ్గించి వాయించుకోవడమే తప్ప తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఇంకా పొట్టి స్వరం కావాలంటే బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టి చూడండి. 1960లలో స్టూడియో బేసిస్టులు వాడిన ఆ ఉపాయానికి ఫ్లాట్‌వౌండ్లే బాగా లొంగుతాయి. వాయించాక పొడి గుడ్డతో తీగల పైనా కిందా తుడిస్తే సరిపోతుంది. వీణ వాయించేవారు వేళ్లకు నూనె రాసుకుంటారు కదా అని ఇక్కడ కూడా రాయకూడదు, అది చుట్ల మధ్యకు చేరి దుమ్మును పట్టుకుంటుంది. రౌండ్‌వౌండ్లను నీళ్లలో మరగబెట్టే అలవాటు కూడా వీటికి అక్కరలేదు.

పాకెట్టు కవరును పారేయకండి. దాని వెనుక బిగించిన తేదీ, నెక్ సందు, 17వ ఫ్రెట్ ఎత్తులు రాసి గిటార్ సంచి జేబులో పెట్టుకోండి. మూడేళ్ల తరువాత ఒక్క జి తీగ తెగినప్పుడు అదే కంపెనీ, అదే మందం, అదే స్కేలు తీగ వేస్తేనే మిగిలిన మూడింటితో కలుస్తుంది, అప్పటికి ఆ అంకెలు మీకు గుర్తుండవు.